చివరి చెయ్యి నర్సుదే!

సాయంత్రం ఆరు గంటలు. వార్డులోకి మందుల ట్రాలీ వస్తుంది. చిన్న చిన్న ప్లాస్టిక్ కప్పుల్లో మాత్రలు, పక్కన సిరంజీలు, దూది, స్పిరిటు సీసా. మంచం పక్కన కూర్చున్న బంధువులకి అదో మామూలు దృశ్యం. 'డాక్టరు రాసింది చూసి ఇచ్చేయడమేగా... అందులో కష్టమేముంది!' అనిపిస్తుంది. నర్సింగ్ కాలేజీలో కొత్తగా చేరిన అమ్మాయికీ అలాగే అనిపిస్తుంది. బీఎస్సీ నర్సింగ్‌కి 2021లో వచ్చిన కొత్త సిలబస్‌లో ఫార్మకాలజీకి ఏకంగా రెండు సెమిస్టర్లు కేటాయించారంటే, అది అంత తేలిక కాదన్నమాటే.

డాక్టరు మోతాదు తప్పు రాస్తే మందులిచ్చే ఫార్మసిస్టు పట్టుకోవచ్చు. ఫార్మసిస్టు ఒక డబ్బాకి బదులు ఇంకో డబ్బా ఇస్తే నర్సు గుర్తుపట్టొచ్చు. మరి నర్సే పొరబడితే? ఆపడానికి ఇంకెవరూ లేరు. ఆ తర్వాత ఉన్నది రోగి నోరు, లేదంటే నరం... అంతే!

'మీరు లక్ష్మిగారేనా?' అనకూడదు

మందు ఇచ్చేముందు నర్సులు అయిదు విషయాలు సరిచూసుకోవాలి. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం. ప్రపంచంలో ఎక్కడ నర్సింగ్ చదివినా ఈ అయిదూ చదవాల్సిందే. ఇచ్చినట్టు వెంటనే రాయడం, ఎందుకిస్తున్నామో తెలుసుకోవడం, వద్దనే హక్కు రోగికి ఉందని గుర్తుంచుకోవడం... ఇలా కొన్ని పుస్తకాల్లో ఈ జాబితా పది దాకా పెరిగింది. మొదటి అయిదే సరిగ్గా చేస్తే చాలా ప్రమాదాలు తప్పుతాయి.

అందులో అన్నిటికన్నా తేలిగ్గా కనిపించేది మొదటిదే. రోగిని గుర్తుపట్టడం. తప్పులు జరిగేదీ అక్కడే. మన వార్డుల్లో ఒకే గదిలో ఇద్దరు లక్ష్ములు, ముగ్గురు వెంకటేశ్వర్లు ఉండటం వింతేం కాదు. 'మీరు లక్ష్మిగారేనా?' అని అడిగితే, చెవి సరిగా వినిపించని పెద్దావిడ 'ఊ' అంటుంది. జ్వరంలో మగతగా ఉన్నవాళ్లూ 'ఊ' అంటారు. అందుకే 'మీ పేరేంటమ్మా?' అని అడిగి, వాళ్ల నోటితోనే చెప్పించాలంటారు టీచర్లు. ఆ పేరునీ, ఇంటిపేరునీ, చేతి పట్టీ మీద ఉన్న నంబరునీ కేస్ షీట్‌తో పోల్చి చూడాలి. మంచం నంబరు చూసి మందివ్వడం మాత్రం బొత్తిగా పనికిరాదు. ఫ్యాను గాలి తగలట్లేదని మధ్యాహ్నమే పక్క మంచానికి మారిపోయి ఉండొచ్చు!

పొద్దున పేరు చెప్పిన పెద్దాయన్ని సాయంత్రం మళ్లీ అడిగితే, 'నాలుగు రోజులుగా చూస్తున్నావు, నా పేరు తెలీదా?' అని విసుక్కోవడం మామూలే. నర్సింగ్ విద్యార్థులకి మొదట్లో ఇది కాస్త ఇబ్బందే. పెద్దవాళ్లని మళ్లీ మళ్లీ అడగడం మర్యాద కాదేమోనన్న సంకోచం. 'ఏమీ అనుకోకండి తాతగారూ, మందిచ్చే ప్రతిసారీ అడగాల్సిందే' అని నవ్వుతూ చెప్పడం కూడా చదువులో భాగమే.

మందులకీ ఇంటిపేర్లు!

ఇంటర్ దాకా తెలుగు మాధ్యమంలో చదివి నర్సింగ్‌లో చేరిన అమ్మాయిలకు ఫార్మకాలజీ అంటే ముందు భయమేసేది పేర్లతోనే. నోరు తిరగని ఇంగ్లీషు పేర్లు వందల కొద్దీ! దానికో చిట్కా ఉంది. మందులకీ ఇంటిపేర్లుంటాయి. కాకపోతే మనకి ముందుంటుంది, వాటికి చివరుంటుంది. అటెనలాల్, మెటోప్రొలాల్... 'లాల్' అని ముగిసేవన్నీ ఒక కుటుంబం. బీపీ తగ్గిస్తాయి, గుండె వేగాన్నీ తగ్గిస్తాయి. ఎనలాప్రిల్, రామిప్రిల్... 'ప్రిల్' కుటుంబం. బీపీ మందులే, కానీ కొందరికి పొడిదగ్గు తెప్పిస్తాయి. 'వాస్టాటిన్' అని ముగిస్తే కొలెస్ట్రాల్ మందు. కంపెనీలు పెట్టే బ్రాండు పేర్లలో మాత్రం ఈ ఇంటిపేరు కనిపించదు. అందుకే డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉన్నదాన్ని వదిలేసి, కింద చిన్నక్షరాల్లో ఉన్న అసలు పేరు చదవడం అలవాటు చేస్తారు.

పేర్లు కలిసిపోవడం ఎంత ప్రమాదమో చెప్పడానికి ఓ పాత ఉదాహరణ ఉంది. ఒంట్లో నీరు తీసే లాసిక్స్ మనవాళ్లకి బాగా తెలిసిందే. కడుపులో ఆమ్లాన్ని తగ్గించే మందు ఒకదానికి అమెరికాలో మొదట 'లోసెక్' అని పేరు పెట్టారు. చేతిరాతలో రెండూ ఒకేలా కనిపించి ఒకటి రాస్తే ఇంకొకటి ఇవ్వడం మొదలైంది. చివరికి 1990లో ఆ మందు పేరునే 'ప్రైలోసెక్' అని మార్చేశారు. చేతిరాత గొడవ మనకీ కొత్త కాదు. అర్థంకాని మందు చీటీల మీద 2014లో నల్గొండకు చెందిన ఓ మందుల షాపు యజమాని ఏకంగా హైకోర్టుకే వెళ్లారు. డాక్టర్లు మందుల అసలు పేర్లని స్పష్టంగా, వీలైతే పెద్దక్షరాల్లో రాయాలని 2016లో వైద్య మండలి నిబంధనల్లో చేర్చింది.

పేరు తెలిస్తే సరిపోదు, ఆ మందు ఒంట్లోకెళ్లి ఏం చేస్తుందో తెలియాలి. డిజాక్సిన్ సంగతే చూడండి. ఫాక్స్‌గ్లవ్ అనే పూలమొక్క నుంచి వచ్చిన గుండె మందు ఇది. ఆ మొక్క గుణాల మీద విలియం విథరింగ్ అనే ఇంగ్లండు వైద్యుడు 1785లోనే పుస్తకం రాశాడు. మేలు చేసే మోతాదుకీ, కీడు చేసే మోతాదుకీ మధ్య తేడా ఇందులో చాలా తక్కువ. అందుకే ఇచ్చేముందు నర్సు స్టెతస్కోపు గుండె మీద పెట్టి, గడియారం చూస్తూ నిండా ఒక నిమిషంపాటు లెక్కపెట్టాలి. పెద్దవాళ్లలో అరవైకన్నా తక్కువుంటే మాత్ర ఇవ్వకుండా ఆపి, డాక్టరుకి చెప్పాలి. కేస్ షీట్‌లో రాసి ఉన్నా సరే! మందు ఇవ్వడం ఎంత ఉద్యోగమో, ఆపడమూ అంత ఉద్యోగమే. ఫార్మకాలజీ చదివించేది ముఖ్యంగా ఇందుకే.

చుక్కల లెక్క

లెక్కలంటే భయపడి బైపీసీ తీసుకున్న అమ్మాయిల్ని నర్సింగ్‌లో మళ్లీ లెక్కలే పట్టుకుంటాయి. అర లీటరు సెలైన్ నాలుగు గంటల్లో ఎక్కాలి. మామూలు సెట్టులో మిల్లీలీటరుకి ఇరవై చుక్కలు. అంటే మొత్తం పదివేల చుక్కలు. నాలుగు గంటలంటే 240 నిమిషాలు. భాగిస్తే నిమిషానికి సుమారు 42. చంటిపిల్లలకి వాడే సన్న సెట్టులో మిల్లీలీటరుకి అరవై చుక్కలు పడతాయి. ఆ తేడా గమనించకుండా అదే 42 పెడితే, గంటకి 125 మిల్లీలీటర్లు వెళ్లాల్సింది 42 మాత్రమే వెళ్తుంది. చేసిన లెక్క సరైనదే, చేతిలో ఉన్న గొట్టమే వేరు!

చుక్కల్లో తేడా వస్తే సర్దుకోవచ్చు. దశాంశ బిందువు దగ్గర తేడా వస్తే కష్టం. 1.0 అని రాస్తే, ఆ చుక్క కాగితంలో కలిసిపోయి 10 అయికూర్చుంటుంది. ముందు సున్నా లేకుండా .5 అని రాస్తే 5 అయిపోతుంది. ఇన్సులిన్ 10 యూనిట్లని క్లుప్తంగా ఇంగ్లీషు 'యు' అక్షరంతో రాస్తే అది సున్నాలా కనిపించి 100 అవుతుంది. అందుకే ఒకటికి 1 అనే రాయాలి, అరకి 0.5 అనే రాయాలి, యూనిట్ అన్న మాట పూర్తిగా రాయాలి. చూడటానికి చాదస్తంలా ఉంటుంది కానీ ఈ మూడు నియమాల వెనకా జరిగిన ప్రమాదాలున్నాయి.

మామూలు పరీక్షలో నూటికి తొంభై వస్తే ఇంట్లో స్వీట్లు పంచుతారు. బ్రిటన్‌లో నర్సింగ్ చదివి నర్సుగా రిజిస్టర్ అవ్వాలంటే మందుల లెక్కల పరీక్షలో నూటికి నూరూ రావాల్సిందే. తొంభైతొమ్మిది వచ్చినా తప్పినట్టే.

నీళ్లలా కనిపిస్తుంది...

అన్ని మందులూ ఒకటి కాదు. తేడా వస్తే కాస్త వికారంతో పోయేవి కొన్ని. ప్రాణం మీదికి తెచ్చేవి ఇంకొన్ని. ఇన్సులిన్, హెపారిన్, మార్ఫిన్, కీమోథెరపీ మందులు రెండో రకం. వీటిని సిరంజిలోకి తీశాక ఇంకో నర్సు కూడా విడిగా చూసి సరేననాలి. 'నువ్వు చూశావుగా, సరిపోతుందిలే' అంటే కుదరదు. రెండో ఆమె మొదటి ఆమె లెక్క చూడకుండా తన లెక్క తను చేయాలి.

వీటిలో పొటాషియం క్లోరైడ్‌ది ప్రత్యేక స్థానం. పది మిల్లీలీటర్ల చిన్న ఆంప్యూల్. లోపలున్నది నీళ్లలా తేటగా ఉంటుంది. ఇంజెక్షన్లు కలపడానికి వాడే డిస్టిల్డ్ వాటర్ ఆంప్యూల్ కూడా అచ్చం అలాగే ఉంటుంది! పొటాషియం తగ్గినవాళ్లకి ఇది ప్రాణం పోస్తుంది. కాకపోతే సెలైన్‌లో బాగా కలిపి, గంటల తరబడి నెమ్మదిగా ఎక్కించాలి. నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. చిక్కటి పొటాషియం ఆంప్యూళ్లని మామూలు వార్డుల అరల్లోంచి తీసేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. జాగ్రత్తపడే ఆసుపత్రుల్లో ఇవి విడిగా, తాళం కింద, ఎర్రటి హెచ్చరిక చీటీతో ఉంటాయి. కలిపిన సీసా మీద ఏం కలిపారో, ఎంత కలిపారో, ఎప్పుడు కలిపారో రాసి అంటించాలి.

'ఇంకా ఎంతసేపమ్మా ఈ సెలైన్!' అని గొట్టానికుండే చక్రాన్ని కాస్త పైకి తిప్పి వేగం పెంచే బంధువులు ప్రతి వార్డులోనూ కనిపిస్తారు. ఆ సీసాలో పొటాషియం కలిపి ఉంటే? చక్రం జోలికి వెళ్లేముందు ఆ చీటీ ఒక్కసారి చూస్తే చాలు, చెయ్యి దానంతటదే వెనక్కొస్తుంది.

తప్పు జరిగాక...

ఎంత చదివినా, ఎంత సరిచూసినా మనిషన్నాక పొరపాటు జరుగుతుంది. జరిగాక ఏం చేయాలి? వెంటనే డాక్టరుకి చెప్పాలి, రోగిని కనిపెట్టుకుని ఉండాలి, ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాయాలి. పుస్తకంలో ఉన్నది ఇంతే. కానీ నిజం చెబితే ఉద్యోగం పోతుందేమో, కేసు పెడతారేమో అన్న భయం ఉన్నచోట చెప్పడానికి నోరెలా వస్తుంది? ఈ ప్రశ్న మీద ప్రపంచంలోని నర్సులందర్నీ కదిలించిన సంఘటన ఒకటి అమెరికాలో జరిగింది.

2017 డిసెంబరు. టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్. స్కానింగ్‌కి వెళ్లిన 75 ఏళ్ల మహిళకి ఆందోళన తగ్గించడానికి 'వర్సెడ్' అనే మందు ఇవ్వమన్నారు. అది బ్రాండు పేరు, అసలు పేరు మిడజోలం. అక్కడ మందులు కంప్యూటర్ అల్మరాలో ఉంటాయి. పేరు కొడితే అర తెరుచుకుంటుంది. నర్సు ఇంగ్లీషులో బ్రాండు పేరులోని మొదటి రెండక్షరాలు కొట్టింది. ఆ అల్మరాకి అసలు పేర్లే తెలుసు. మందు దొరకలేదు. అత్యవసరంలో వాడే మీట నొక్కి మళ్లీ ఆ రెండక్షరాలే కొట్టింది. ఈసారి వచ్చింది 'వెకురోనియం'... ఆపరేషన్లలో కండరాలన్నిటినీ స్తంభింపజేసే మందు. ఊపిరి తీసే కండరాలు కూడా ఆగిపోతాయి. వర్సెడ్ ద్రవం, ఇది పొడి. మూత మీద హెచ్చరిక కూడా ఉంది. అయినా కలిపి ఇచ్చేసింది. ఆమె ప్రాణం పోయింది.

తప్పు తెలిసిన వెంటనే ఆ నర్సు దాచకుండా ఒప్పుకుంది. లైసెన్సు పోయింది. తర్వాత క్రిమినల్ కేసు నడిచింది. నిర్లక్ష్యంతో ప్రాణం తీసిందని 2022 మార్చిలో జ్యూరీ తేల్చింది. మేలో మూడేళ్ల ప్రొబేషన్ విధించారు. శిక్ష వేసే రోజు కోర్టు బయట నర్సులు గుమిగూడారు. వాళ్లు అడిగింది ఒకటే... 'ఇకమీదట ఎవరైనా నోరు విప్పుతారా?' అని. అలాగని ఆమె తప్పు చిన్నదేం కాదు. సీసా మీది పేరు ఒక్కసారి చదివినా ఆ తల్లి బతికేది. కానీ హెచ్చరికల్ని దాటుకుని వెళ్లడం అక్కడ రోజూ జరిగే పనైతే, ఒక్క నర్సుని జైల్లో పెడితే ఆ అలవాటు పోతుందా? పక్కనే ఉన్న కెంటకీ రాష్ట్రం 2024లో ఓ చట్టం చేసింది. తీవ్రమైన నిర్లక్ష్యం, కావాలని చేసిన తప్పు లాంటివి తప్ప, వైద్యసేవల్లో జరిగే మామూలు పొరపాట్లకి క్రిమినల్ కేసు ఉండదన్నది దాని సారాంశం.

మందుల పొరపాట్ల వల్ల ప్రపంచవ్యాప్తంగా ఏటా 4,200 కోట్ల డాలర్ల నష్టం జరుగుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వీటిని తగ్గించాలని 2017లో ఓ కార్యక్రమమే మొదలుపెట్టింది. సెప్టెంబరు 17న జరిపే రోగుల భద్రతా దినోత్సవానికి 2022లో తీసుకున్న అంశమూ ఇదే.

పొరపాట్లకి ఓ ముఖ్య కారణం, మందులు తీసేటప్పుడు ధ్యాస మళ్లడం. విదేశాల్లో కొన్ని ఆసుపత్రుల్లో 'నన్ను పలకరించొద్దు' అని రాసి ఉన్న రంగు జాకెట్ తొడుక్కుని మందులిస్తారు నర్సులు. మన దగ్గర రాత్రి డ్యూటీలో వార్డంతటికీ ఒకరో ఇద్దరో ఉంటారు. ట్రాలీ దగ్గర సిరంజిలోకి మందు తీస్తుంటే 'సిస్టర్, సెలైన్ అయిపోయింది' అని ఒకరు, 'సిస్టర్, డాక్టరుగారెప్పుడొస్తారు' అని ఒకరు. అయిపోయిన సెలైన్ సంగతి చెప్పాల్సిందే. డాక్టరుగారి సంగతి మాత్రం ఆమె ట్రాలీ పక్కన పెట్టాక అడగొచ్చు.

ఇంటికొచ్చాక నర్సు ఎవరు?

డిశ్చార్జి అయి ఇంటికొచ్చాక ఆ చివరి చెయ్యి అమ్మది, కోడలిది, మనవడిది. అక్కడ సరిచూసేవాళ్లు అసలే ఉండరు. అందుకే నర్సింగ్ విద్యార్థులకి పంపించేముందు ఇంటివాళ్లతో చేయించి చూడమని నేర్పుతారు. 'అర్థమైందా?' అంటే అందరూ అర్థమైందనే అంటారు కదా!

ఇన్సులిన్‌తో వచ్చే చిక్కు మన దేశంలో మరీ ఎక్కువ. ఇక్కడ రెండు బలాల ఇన్సులిన్ దొరుకుతుంది. మామూలు సీసాల్లో ఎక్కువగా మిల్లీలీటరుకి 40 యూనిట్లు. పెన్నుల్లో వాడే క్యాట్రిడ్జిల్లో, కొన్ని కొత్తరకం సీసాల్లో 100 యూనిట్లు. సిరంజీలూ రెండు రకాలే. ఎర్రమూతది 40కి, నారింజరంగు మూతది 100కి. పెన్ను పాడైందని క్యాట్రిడ్జిలోంచి ఎర్రమూత సిరంజితో 20 గీత దాకా లాగితే, వెళ్లేది ఇరవై కాదు, యాభై యూనిట్లు! షుగర్ ఒక్కసారిగా పడిపోయి స్పృహ తప్పుతుంది. అదే తిరగేసి, 40 సీసాని నారింజమూత సిరంజితో వాడితే ఇరవైకి ఎనిమిదే వెళ్తాయి. షుగర్ ఎందుకు తగ్గట్లేదో ఎవరికీ అంతుపట్టదు. కొత్త సిరంజీలు తెచ్చిన ప్రతిసారీ సీసా మీది అంకెనీ, సిరంజి మీది అంకెనీ పక్కపక్కన పెట్టి చూడాలి.

చంటిపిల్లల జ్వరం మందుదీ ఇదే కథ. పారాసెటమాల్ చుక్కల మందులో మామూలుగా ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములుంటాయి. సిరప్‌లో అయిదు మిల్లీలీటర్లకి 125 లేదా 250. సిరప్ అయిపోయిందని చుక్కల మందుని అదే చెంచాతో అయిదు మిల్లీలీటర్లు పోస్తే 500 మిల్లీగ్రాములు... పెద్దవాళ్ల మాత్రంత! పిల్లలకి మోతాదు వయసుని బట్టి కాదు, బరువుని బట్టి. సీసాతోపాటు వచ్చిన డ్రాపర్‌నీ, మూతనీ ఆ మందుకే వాడాలి. వంటింటి చెంచాలు ఒక్కోటి ఒక్కో కొలత.

కీళ్లవాతానికి రాసే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ వేసుకునే మాత్రల డబ్బాలో కలిపేసి రోజూ మింగితే రక్తకణాలు పడిపోయి ప్రాణాపాయం. ఏ వారం వేసుకోవాలో చీటీ మీద 'సోమవారం' అనో 'ఆదివారం' అనో రాయించుకోవడం మంచిది. ఇక అమ్మమ్మ మింగలేకపోతోందని మాత్రలు నూరి తేనెలో కలిపి ఇవ్వడం మన ఇళ్లలో ఎప్పట్నుంచో ఉన్నదే. పేరు చివర 'ఎస్ఆర్', 'ఎక్స్ఎల్' లాంటి అక్షరాలున్న మాత్రలు రోజంతా కొద్దికొద్దిగా కరిగేలా తయారుచేసినవి. నూరితే రోజంతటి మందూ ఒక్కసారే ఒంట్లోకి చేరుతుంది. వాటికి బదులు సిరప్‌గానీ, మామూలు మాత్రగానీ ఉందేమో డాక్టర్ని అడగాలి.

మందు పడక దద్దుర్లొచ్చినా, ఇంకేదైనా తేడా చేసినా ముందు డాక్టరుకి చూపించాలి. ఆ తర్వాత దాన్ని నమోదు చేయించే ఏర్పాటు కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వం 2010లో మొదలుపెట్టిన ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమాన్ని ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ చూస్తుంది. డాక్టర్లు, నర్సులే కాదు, రోగులూ వాళ్ల బంధువులూ కూడా వివరాలు పంపొచ్చు. టోల్‌ఫ్రీ నంబరు 1800 180 3024. రోగుల కోసం ఉన్న ఫారం తెలుగులోనూ దొరుకుతుంది.